ఒకే ఇల్లు, ఒకే గుర్తు

నారిన్
5 అక్టోబరు 2003

తల్లీ చోల్పోన్,

మీ అత్తయ్య నన్ను తిట్టడానికి ఓపిక ఉన్నంత బాగుంది, ఆవు అంతకంటే బాగుంది. నా సంగతి ఈ ఉత్తరం చివరికి నీకే తెలుస్తుంది. మీ అమ్మ రక్తపోటు ఎలా ఉంది? ఉప్పు తగ్గించమను. నేనన్నానని మాత్రం చెప్పకు. అక్క నా మాటంటే రెట్టింపు వేస్తుంది.

మీ కంపెనీ నుంచి మన కంప్యూటరుకు హెచ్చరిక వచ్చింది. పాత వెర్షన్‌లో ఏదో బొక్క ఉందట, దొంగలు దూరుతారట. నవంబరు ఒకటో తేదీకల్లా ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది చేసుకోని ఊళ్ళకు లైను కోసేస్తారట. కింద మీ యజమాని సంతకం చూశాక నాకు టీ సహించలేదు. ఈ లైను పోతే నా గది పోతుంది. టెలిఫోన్ శాఖ నుంచి రిటైరై ఇంట్లో కూర్చున్న శీతాకాలం మీ అత్తయ్యా నేనూ ఎలా బతికామో ఆ ఆవుకు తెలుసు. నువ్వు పోస్టాఫీసు వెనక గదిలో ఆ పెట్టె బిగించి, చూసుకో మామయ్యా అని వెళ్ళాకే నేను మళ్ళీ మనిషినయ్యాను. పొద్దున్నే టోపీ పెట్టుకుని వెళ్ళడానికి మగాడికి ఒక చోటుండాలి. రష్యాలో పనిచేసే మొగుళ్ళకు ఉత్తరాలు పంపుకోవడానికి ఊళ్ళో ఆడవాళ్ళు నా గుమ్మం ముందు నిలబడి, నన్ను పేరు పెట్టి కాదు, ఇంజనీరుగారూ అని పిలుస్తారు. మీ అత్తయ్య ఇప్పటివరకు అలా పిలవలేదు.

కొత్త సోర్స్ కోడ్ తెప్పించుకోవడానికి నువ్వు నేర్పిన కోరిక చీటీ తీశాను. ఏ గుర్తు రాస్తే ఆ వెర్షన్ వస్తుందన్నావు గదా. ఏ గుర్తు రాయాలో మాత్రం చెప్పకుండా బస్సెక్కావు. పుస్తకంలో గుర్తుల పట్టిక చూశాను. అచ్చం మన వంశవృక్షంలా ఉంది. రెలెంగ్ 2 అని ఒకడు, రెలెంగ్ 3, రెలెంగ్ 4, వాళ్ళకు మళ్ళీ పిల్లలు. అందరికంటే చిన్నవాడికి పేరే లేదు, వట్టి చుక్క. నేను నిన్నగాక మొన్నే మన ఏడు తరాల పట్టిక గోడకు అతికించాను కాబట్టి ఇట్టే అర్థమైంది. పెద్దకొడుకులు వేరుపడి ఎవరి గుడారం వాళ్ళు వేసుకుంటారు. తండ్రి ఇల్లూ పొయ్యీ చివరికొడుక్కి వస్తాయి. నాకు రాలేదూ? కాబట్టి అసలు ఇల్లు చుక్క దగ్గరే ఉంటుంది.

అన్నిటికీ చుక్క రాసి పంపాను. మన లైను నడక నీకు తెలుసు కాబట్టి నీ జవాబు కోసం ఆగలేదు. మీ యజమాని ఈమెయిళ్ళు చదువుతాడని, ఆఫీసు ఫోను అతని బల్ల మీదే ఉందని అన్నావు గదా, అందుకే ఈ కాగితం డ్రైవరు తోలోగోన్ వ్యాన్‌లో వస్తోంది. నలిగి ఉంటే వాణ్ణి తిట్టు.

నీ మేనమామ
ఇషెనాలి

తా.క. కంప్యూటరు మీద నువ్వు అతికించిన, ఈ సిస్టమ్ తాలూకు ఎర్ర దయ్యం బొమ్మను చూసి ముల్లా లోపలికి రానన్నాడు. దయ్యానికి మన తెల్ల టోపీ గీశాను. ఇప్పుడు వస్తున్నాడు.


బిష్కెక్
9 అక్టోబరు

మామయ్యా,

ఉప్పు మాట అమ్మకు చెప్పాను. నోరు జారి నీ పేరూ చెప్పాను. ఆ పూట సూపు తాగలేకపోయాం.

ఆగు. ఏం చేస్తున్నావో అది ఆపు. చేతులు జేబుల్లో పెట్టుకుని మిగతాది చదువు.

చుక్క చివరికొడుకు కాదు. ఇంకా పుట్టని బిడ్డ. ఈ సిస్టమ్ రాసేవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. కొత్త ఆలోచన ఏది తోచినా ముందు అందులోనే పడేస్తారు. పొద్దున ఒకడు కాళ్ళు పెడితే సాయంత్రం ఇంకొకడు వాటిని చేతులుగా మారుస్తాడు. చుక్క అని రాస్తే ఆ క్షణంలో అక్కడ ఏ గందరగోళం ఉందో అది మూట కట్టి నీకు పంపుతారు. దాన్ని నమ్ముకుని ఎవరూ ఊరి ఉత్తరాలు నడపరు. అది కాస్త కుదుటపడ్డాక దాన్నుంచి ఒక కొమ్మ విడదీసి పేరు పెడతారు. రెలెంగ్ 4 అంటే నాలుగో కొమ్మ. దానికి మళ్ళీ చిన్న రెమ్మలుంటాయి. వాటిలో బొక్కలు పూడుస్తారు తప్ప కొత్తగా ఏదీ చేర్చరు. నీకు కావలసింది అలాంటి ఒక రెమ్మ. ఏదో ఇక్కడ సరిచూసి రాస్తాను. అంతవరకు ముట్టుకోకు.

ఇంకో సంగతి. నవంబరు ఒకటిన యజమాని కూర్చుని ఒక్కొక్క ఊరి కంప్యూటరునూ పలకరిస్తాడట. సరైన వెర్షన్ పలకాలి, ఉత్తరాలు నడవాలి. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చోటికి ఇద్దరు కుర్రాళ్ళను బజారులో కొన్న విండోస్ డిస్కుతో పంపుతాడు. వాళ్ళలో ఒకడు అక్కడే ఉండిపోతాడు, నీ కుర్చీలో. నారిన్ సంగతి అడిగితే, అక్కడ ఇషెనాలి అని గట్టి నిపుణుడున్నాడు, దిగులు లేదన్నాను. మామయ్య అనలేదు. వయసూ చెప్పలేదు. కాబట్టి నువ్వు ఫోను చేసి చుక్క అంటే ఏమిటమ్మా అని అడిగితే ఇద్దరం కలిసి ఆవును మేపుకోవచ్చు.

చివరికొడుక్కే ఇల్లు ఎందుకిస్తారో నన్నడిగితే చెబుతాను. పెద్దవాళ్ళు చేతకానివాణ్ణి వెంట తీసుకెళ్ళలేక తండ్రి దగ్గర వదిలేసి ఉంటారు. ఇక నీ ఏడు తరాల పట్టిక. అందులో ఒక్క ఆడపేరు లేదు. ఏడు తరాలుగా మీ ఇంట్లో మగాళ్ళు మగాళ్ళనే కన్నారంటే అది పట్టిక కాదు, వైద్యులు చూడవలసిన విషయం.

చోల్పోన్


నారిన్
13 అక్టోబరు

శ్రీమతి నిపుణురాలు చోల్పోన్‌గారికి,

తమరి ఉత్తరం అందింది. అప్పటికే చుక్క దిగింది, తయారీ మొదలైంది, సగంలో ఏదో ఫైలు లేదని మొరాయించి కూలబడింది. పాత సిస్టమ్‌కు ఏమీ కాలేదు, ఉత్తరాలు నడుస్తున్నాయి. కాబట్టి నువ్వన్నది నిజమే, చుక్క ఇంకా పుట్టలేదు. ఆ మాట ఒప్పుకుంటున్నాను. మిగతాదేదీ ఒప్పుకోను.

చేతకానివాళ్ళా? మా పెద్దన్నయ్య వేరుపడి వెళ్ళి గుర్రాన్ని కూడా అప్పు తెచ్చుకుని చచ్చిపోయాడు. మా నాన్నను చివరిదాకా చూసింది ఈ చేతకానివాడే. నీకు చిన్నప్పుడు ప్రతి విందులో గొర్రె చెవి నా చేత్తో తినిపించాను, పెద్దల మాట వింటావని. ఎన్ని చెవులు తిన్నావో లెక్క లేదు, ఒక్కటీ పనిచేసినట్టు లేదు. చెవులన్నీ నాలుకగా మారాయి. పెద్దలు ఊరికే అన్నారా, మేనకోడలు ఎంత మేపినా మన జనం కాదని! నీ గుర్తు నీ నాన్న తెగది. మా పట్టికలో ఎవరున్నారో ఎవరు లేరో నీకెందుకు? మీ వాళ్ళ పట్టికలో వెతుక్కో.

మీ అత్తయ్య సంచీడు కురుత్ ఉండలు పంపింది. నీకు ఇష్టమని ఈసారి పెరుగులో ఉప్పు బాగా కలిపి ఎండబెట్టింది. మీ అమ్మ కంట పడనీయకు.

గుర్తు త్వరగా పంపు. నవంబరు వచ్చేస్తోంది.

చేతకాని మేనమామ


బిష్కెక్
16 అక్టోబరు

రెలెంగ్ 4.8.

దాన్ని తెప్పించి సిస్టమ్ కొత్తగా తయారుచేసుకోండి. తర్వాత ఉత్తరాల ప్రోగ్రాము మళ్ళీ కట్టుకోండి.

కురుత్ అందింది.

మీ జనం కాని
చోల్పోన్


నారిన్
22 అక్టోబరు

తల్లీ,

నీ ఉత్తరం చూసి, కాగితాలు అయిపోయాయేమో అనుకున్నాను. తర్వాత మీ అత్తయ్య చదివి, 'కట్టుకోండి' అని రాసింది చూశావా, మీరు అంటోంది నిన్ను, ఏం కూశావు దాన్ని అంది. నేనేమీ కూయలేదు. సామెత చెప్పాను. సామెత చెబితే కోపం వస్తుందా? మేనమామా మేనకోడలూ ఒకళ్ళనొకళ్ళు అనుకోకపోతే ఇంక ఎవరు అనుకుంటారు? సరే, కోపం తర్వాత తీర్చుకో. ముందు ఇది విను, ముందుంది ముసళ్ళ పండగ.

సిస్టమ్ కొత్తదైంది. రెలెంగ్ 4.8 అని అడిగాను, వచ్చింది, తయారైంది, లేచి నిలబడింది, తన పేరు సరిగ్గా పలుకుతోంది. దయ్యం టోపీ సర్దాను. అంతవరకు నేనే వీరుణ్ణి.

కోరిక చీటీలో రెండు వరసలున్నాయి కదా. ఒకటి సిస్టమ్‌ది. రెండోది పోర్టులది. అంటే మనం తర్వాత ఎక్కించుకునే ప్రోగ్రాములను ఎలా కట్టుకోవాలో చెప్పే విధానాలన్నీ ఉండే గాదె. రెండింటి పక్కనా ఇదివరకు నేను రాసిన చుక్క ఉంది. చుక్క తప్పన్నావు. ఒక్క గుర్తు పంపావు. నేను రెండు చుక్కలూ కొట్టేసి రెండు చోట్లా రెలెంగ్ 4.8 అని రాశాను. ఇందులో తప్పేముంది? మన గొర్రెల చెవికి ఒకటే కత్తిరింపు. మేకకూ అదే. ఒకే ఇల్లు, ఒకే గుర్తు. గొర్రెకో గుర్తు మేకకో గుర్తు పెట్టే ఇంటిని ఈ లోయలో నేను చూడలేదు.

ఆ ప్రోగ్రాము వెళ్ళి పోర్టుల్లో ఈ గుర్తున్నవి ఏవని వెతికింది. ఒక్కటీ లేదట. అక్కడ లేనివి నీ దగ్గర మాత్రం ఎందుకని నా గాదెలో ఉన్నవన్నీ తుడిచేసింది. తెర మీద తుడిచాను, తుడిచాను అని వరసలు పోతుంటే, ఎంత శుభ్రమైన ప్రోగ్రామో అనుకుని టీ తాగాను. పాత ఉత్తరాల ప్రోగ్రామును అంతకుముందే పీకేశాను, నువ్వు మళ్ళీ కట్టుకోమన్నావని. ఇప్పుడు కట్టుకోవడానికి విధానం లేదు. సిస్టమ్ ఉంది, లైను ఉంది, ఉత్తరాలు లేవు. గుర్రం ఉంది, కళ్ళెం ఉంది, కాళ్ళు లేవు.

గది మూసి ఇంట్లో కూర్చున్నాను. కూల్బుబు రోజూ పోస్టాఫీసు మెట్టు మీద కూర్చుంటోంది. వాళ్ళాయన నోవోసిబిర్స్క్‌లో గోడలకు సున్నం వేస్తాడు. పోయినసారి రాసిన ఉత్తరంలో కాలు బెణికిందని రాశాడట, ఆ తర్వాత కబురు లేదు. బెణికిన కాలికి ఏమవుతుందమ్మా అని నేనంటే, బెణికింది అన్నవాడు విరిగింది దాస్తున్నాడని నాకు తెలుసు ఇంజనీరుగారూ అంది. ఇంజనీరుగారూ అన్న మాట మొదటిసారి నాకు ఎక్కడో గుచ్చుకుంది.

ఏం చెయ్యాలో రాయి. ఈసారి కాస్త ఎక్కువ రాయి. తిట్టు, కానీ ఎక్కువ రాయి.

ఇషెనాలి

చోల్పోన్, నేను మీ అత్తయ్యను. ఈయన ఉప్పునీళ్ళ కోసం లేచి వెళ్ళాడు, గొంతు పట్టేసింది. ఇంట్లో కూర్చున్న దగ్గర్నుంచీ నా జాము సీసాలన్నిటికీ దారంతో గుర్తులు కడుతున్నాడు. ఆప్రికాట్ రెలెంగ్ ఒకటి అట, చెర్రీ రెలెంగ్ రెండు అట. నిన్న పెట్టిన దోసకాయల ఊరగాయకు చుక్క పెట్టి, ఇది ఇంకా కుదరలేదు ముట్టుకోవద్దని నాకే చెప్పాడు. నీకు పుణ్యముంటుంది, ఆ పెట్టె త్వరగా బాగుచెయ్యి. సామెతకు బాధపడకు. నేను ఈ ఇంటికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. నేనూ ఆ పట్టికలో లేను.


బిష్కెక్
25 అక్టోబరు

మామయ్యా,

తుడిచాను, తుడిచాను అని కనిపిస్తుంటే టీ తాగిన మనిషిని నిపుణుడని చెప్పాను. నా నోటికి బుద్ధి లేదు.

జవాబు ముందు రాస్తాను, తిట్లు తర్వాత. పోర్టులకు కొమ్మలుండవు. అవి అన్ని వెర్షన్లకూ ఉమ్మడి. వాటికున్నది చుక్క ఒక్కటే. నువ్వు మొదట రాసిన చుక్కే. కాబట్టి సిస్టమ్ వరసలో రెలెంగ్ 4.8 అలాగే ఉంచు. పోర్టుల వరసలో చుక్క పెట్టు. అడుగు. అన్నీ తిరిగి వస్తాయి. ఉత్తరాల ప్రోగ్రాము కట్టుకో. అయిపోయింది.

ఇప్పుడు తిట్లు. నువ్వు సిస్టమ్ వరసలో తప్పు చేసి పోర్టుల వరసలో తెలియకుండా ఒప్పు చేశావు. నేను దిద్దమంటే రెండోదాన్నీ దిద్దావు. నీలాగా ఒప్పును కూడా దిద్దేవాళ్ళు అరుదు. ఈ రెండు వరసల సంగతి పోయిన ఉత్తరంలో రాద్దామనే కూర్చున్నాను. నీ సామెత మళ్ళీ కళ్ళబడింది. కాగితం నలిపి పారేసి ఒక్క ముక్క రాసి పడేశాను.

నువ్వు పరాచికానికే అన్నావు, నాకు తెలుసు. నాన్న పోయాక మమ్మల్ని వాళ్ళ తెగవాళ్ళు ఎవరూ చూడలేదు. నాకు సైకిలు తొక్కడం, టంకం వెయ్యడం, గుర్రానికి దూరంగా నిలబడి తిట్టడం నువ్వే నేర్పావు. వాళ్ళ పట్టికలో వెతుక్కోమన్నావు. అక్కడా ఆడపిల్లలను రాయరు మామయ్యా. వెతికాను. ఎక్కడా లేను. అది పరాచికం కాదు, లెక్క. అందుకే ఏడ్చాను, తర్వాత కురుత్ తిన్నాను. ఉప్పు సరిపోయింది.

చుక్క పెట్టు. ముందు అది పెట్టు.

చోల్పోన్

తా.క. దోలోన్ కనుమ దగ్గర మంచు పడుతోందని తోలోగోన్ గొణుగుతున్నాడు. పొమ్మన్నాను.


[ఈమెయిల్]
నారిన్
30 అక్టోబరు 2003

గౌరవనీయులైన నిపుణులు చోల్పోన్‌గారికి,

నారిన్ కేంద్రంలో ఆపరేటింగ్ సిస్టమ్ రెలెంగ్ 4.8 గుర్తుకు మార్చబడినదనియు, ఉత్తరముల సేవ యథావిధిగా నడుచుచున్నదనియు తెలియజేయుటకు సంతోషించుచున్నాము. నవంబరు ఒకటవ తేదీ తనిఖీకి సిద్ధముగా ఉన్నాము. వివరములు మరియొక మార్గమున పంపబడును.

ఇట్లు
ఇషెనాలి
నిపుణుడు


నారిన్
31 అక్టోబరు

తల్లీ,

నిన్నటి ఈమెయిలు మీ యజమాని చదవడానికి రాసింది. అలాంటివి టెలిఫోన్ శాఖలో జీవితమంతా రాశాను, చెయ్యి తిరిగిపోయింది. ఇది నీకు.

నీ ఉత్తరం నాకు అందలేదు. దోలోన్ మూసేశారు. తోలోగోన్ కోచ్కోర్‌లో చిక్కుపడి ఎవరింట్లోనో కూర్చుని మాంసం తింటున్నాడట. నువ్వు ఏం రాశావో నాకు తెలియదు. తిట్లయితే ఈపాటికి గడ్డకట్టి ఉంటాయి. కాబట్టి ఇక్కడ జరిగిందంతా నీ సాయం లేకుండా జరిగిందని గమనించు.

కూల్బుబు మెట్టు మీద కూర్చుని విసిగి, నిన్న మా ఇంటికే వచ్చేసింది. టీ ఇచ్చాం. మీ అత్తయ్య రొట్టెలు పెట్టింది. అటూ ఇటూ చూస్తూ గోడ మీది పట్టిక దగ్గర ఆగింది. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదివింది. చదివి, ఇందులో చోల్పోన్ ఏది, ఆ పెట్టె తెచ్చింది ఆ అమ్మాయే కదా అని అడిగింది. నేను దర్జాగా, అది మా అక్క కూతురు, దాని గుర్తు వేరు, మా గుర్తుతో వెతికితే అది కనబడదు అని చెప్పాను.

"కనబడకపోతే ఆ పిల్ల లేనట్టేనా, ఇంజనీరుగారూ?" అంది కూల్బుబు.

ఆవిడ మామూలుగానే అడిగింది, రొట్టె నములుతూ. నాకు మాత్రం నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది. మా గుర్తుతో వెతికితే కనబడదు. కనబడలేదు కాబట్టి లేదు. లేదు కాబట్టి తుడిచెయ్యి. ఆ దరిద్రపు ప్రోగ్రాము నా పోర్టులకు చేసింది అదే. నేను నీకు చేసిందీ అదే. అదైనా యంత్రం, దానికి సామెతలు రావు.

టోపీ కూడా పెట్టుకోకుండా పోస్టాఫీసుకు పరిగెత్తాను. మీ అత్తయ్య వెనకాల చెవులు రాలిపోతాయని అరుస్తూనే ఉంది. నిండా మునిగినవాడికి చలేమిటి? నేను ఆలోచించింది ఇది. సిస్టమ్ ఇంటి మనిషి. దానికి వంశం ఉంది, తరం ఉంది, ఇంటి గుర్తు ఉంది. పోర్టులు మేనకోడళ్ళ లాంటివి. ఈ ఇంటి పట్టికలో ఉండవు. అయినా ఇల్లు నడిచేది వాటితోనే. వాటిని ఇంటి గుర్తుతో అడగకూడదు. మరి ఏ గుర్తుతో అడగాలి? పేరు లేనిది ఒకటే ఉంది, చుక్క. నేను మొదట రాసింది అదే, అప్పుడు ఏ గొడవా రాలేదు. సిస్టమ్‌కు రెలెంగ్ 4.8 ఉంచి పోర్టులకు చుక్క పెట్టాను.

వచ్చాయి తల్లీ. తెర మీద తెస్తున్నాను, తెస్తున్నాను అని వరసలు మొదలయ్యాయి. ఈసారి టీ తాగలేదు. కళ్ళార్పకుండా కూర్చున్నాను. ఉత్తరాల ప్రోగ్రాము కట్టాను. మొదటి ఉత్తరం కూల్బుబుది. జవాబు ఇవాళ వచ్చింది. కాలు విరిగిందట, కట్టు కట్టారట, బాగానే ఉన్నాడట. ఆవిడ అక్కడే నిలబడి, చెప్పానా, విరిగిందని చెప్పానా అని అందరి వంకా గర్వంగా చూసింది. తర్వాత ఏడ్చింది.

ఇంటికి వచ్చి కలం తీశాను. పట్టికలో నీ పేరు రాద్దామని చూస్తే ఎక్కడ రాయాలి? మీ అమ్మ పేరే లేదు. ముందు అక్క పేరు రాశాను. మా నాన్న కింద, నాకంటే ముందు, నాకంటే పెద్దది గదా. దాని కింద ఒక చుక్క పెట్టి, పక్కన నీ పేరు. మీ అత్తయ్య పేరు నా పేరు పక్కనే రాశాను. ఇంకొంచెం పెద్దగా రాస్తే నీ సొమ్మేం పోయిందంది. పెద్దన్నయ్య కొడుకు వచ్చి చూసి, పట్టికలు ఇలా రాయరు బాబాయ్, నలుగురూ నవ్వుతారన్నాడు. ఈ ఇంటికి చివరికొడుకు ఎవరు అని అడిగాను. నువ్వే అన్నాడు. అయితే గోడ ఎవరిది అన్నాను. టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ సామెత ఇంక అనను. వేరేవి చాలా ఉన్నాయి.

నీ మామయ్య


బిష్కెక్
5 నవంబరు

మామయ్యా,

కనుమ తెరిచారు. నా పాత ఉత్తరం నీకు చేరిన రోజునే నీది నాకు చేరిందని తోలోగోన్ చెప్పాడు. అందులో ఉన్నదంతా చదివేసి ఉంటావు. ఏడ్చానన్న ముక్క ఎక్కువ పట్టించుకోకు. కురుత్ తిన్నానన్నది ముఖ్యం.

ఒకటో తేదీన యజమాని ఒక్కొక్క ఊరినీ పలకరించుకుంటూ వచ్చాడు. నారిన్ సరిగ్గా పలికింది, ఉత్తరం వెళ్ళింది, తిరిగొచ్చింది. విండోస్ డిస్కు కుర్రాళ్ళు వేరే ఊరికి వెళుతున్నారు. నీ గది నీదే. యజమాని నీ ఈమెయిలు రెండుసార్లు చదివి, ఎంత పద్ధతైన కుర్రాడు, పెళ్ళయిందా అని నన్నడిగాడు. వాళ్ళ మరదలికి చూస్తున్నారట. అయింది, ముప్పై ఏళ్ళు దాటింది అనబోయి నాలుక కరుచుకుని, అయిందన్నాను. అత్తయ్యకు చెప్పు, ఆవిడ మొగుడికి బిష్కెక్‌లో ఇంకా గిరాకీ ఉందని.

నీ ఉత్తరం మా ఆఫీసులో ఎవరికీ చూపించలేను. చుక్క సరైనదే, నువ్వు చెప్పిన కారణం మాత్రం పూర్తిగా తప్పు. పోర్టులను కొమ్మలుగా విడదీసి చూసుకునే తీరిక వాటిని రాసేవాళ్ళకు లేదు, అందుకని ఒక్కటే ఉంచారు. అంతే. మేనకోడళ్ళకూ దానికీ ఏ సంబంధమూ లేదు. పైగా చుక్క అంటే రోజుకోలా మారేది, పొద్దున కాళ్ళు సాయంత్రం చేతులు, దాన్ని ఎవరూ నమ్ముకోకూడదు అని నేనే నీకు రాశాను. అది చదివాక కూడా గోడ మీద నా పేరు ముందు చుక్క పెట్టావు. తుడిచావంటే మాత్రం కుర్రాళ్ళను పంపిస్తాను.

అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. తన పేరు ఎక్కడ రాశావో ఆ ముక్క మళ్ళీ చదవమంది. చదివాను. లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచే, చిన్నోడు ఉప్పు గురించి ఏదో అన్నాడన్నావే, ఏమిటది అని అడిగింది. చెప్పాను.

ఈ పూట సూపు చప్పగా ఉంది. ఇద్దరం మొత్తం తాగాం.

నీ మేనకోడలు
చోల్పోన్